మిల్లు రేడియో క్లబ్బుకు మూడో సంతకం

తైస్తో పన్నెండుమందికి సరిపడా కాఫీ కాచాడు. దాల్చినచెక్క బన్నులు ఇరవైనాలుగు తెచ్చాడు, మనిషికి రెండేసి. క్యాంటీన్ నుంచి తొమ్మిది కుర్చీలు మోసుకొచ్చి, మిగతా ముగ్గురూ కిటికీ గట్టు మీద సర్దుకుంటారులే అనుకున్నాడు. నాలుగింటికి మీటింగు. నాలుగున్నరకి గేటు కాపలా ఓయిలి వచ్చింది. మీటింగుకి కాదు, తాళంచెవి కోసం.

"ఎవరూ రాలేదా?" అంది గుమ్మంలోనే నిలబడి.

"దారిలో ఉన్నారేమో."

"నేనొచ్చింది ఆ దారినే. మంచు తప్ప ఎవరూ లేరు."

మూడు వారాలపాటు నోటీసు బోర్డు మీద కాగితం వేలాడింది. ‘మన మిల్లు ఉద్యోగులకు రేడియో క్లబ్బు. ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడవచ్చు. కాఫీ ఉంటుంది.’ కాగితం అడుగున పేరు రాయడానికి తైస్తో పన్నెండు గీతలు గీశాడు. రెండో గీత మీద ఎవడో కుక్క బొమ్మ వేశాడు. మూడో గీత మీద కంపెనీ పెద్దాయన పేరు రాసి కొట్టేశారు. తక్కినవి గీసినట్టే ఉన్నాయి.

ఓయిలి నిట్టూర్చి, కోటు విప్పకుండానే కూర్చుని ఒక బన్ను తీసుకుంది. తైస్తో రేడియో ముందు కూర్చుని ఆమెకు అన్నీ చూపించడం మొదలుపెట్టాడు. ఇది వినేది, ఇది పంపేది, ఇది మీట. చుక్కలూ గీతలూ కొడితే అక్షరాలవుతాయి. పైకప్పు మీద ఏరియల్ మేమే కట్టాం. ఆ ‘మేము’ ఎవరో ఆమె అడగలేదు. జనవరిలో ఒక్కడే పైకప్పు మీద తీగ లాగుతుంటే గేటు గదిలోంచి చూసింది కదా.

"నీకు ఎంతమంది కావాలి?"

"ముగ్గురు. ముగ్గురు సంతకం పెడితేనే సంఘం కింద నమోదు చేస్తారు. మే నెలాఖరు శుక్రవారంలోగా ఆ కాగితం ఇవ్వకపోతే గది వెనక్కి తీసుకుంటామంది ఆఫీసులో హన్నెలే మేడమ్. ఇక్కడ తొక్కే సైకిళ్ళు పెడతారట, ఒళ్ళు తగ్గడానికి."

"ముగ్గురే ఎందుకో?"

"చట్టం, అక్కా."

"సబబే. ఇద్దరైతే సంసారం, ఒక్కడైతే పిచ్చి. ఇలా తే." సంతకం పెట్టేసింది. "ఇది రేడియో మీద మోజుతో కాదు, ముందే చెప్తున్నా. రోజూ నువ్వు నా కిటికీ దగ్గర నిలబడి దీని గురించి చెబుతుంటే చలిగాలి లోపలికొస్తోంది. ఇక రాకు."

మిగిలిన బన్నులు సంచీలో పెట్టుకుని తైస్తో ఇంటికి పోయాడు. ఆ వారమంతా పొద్దున బన్ను, రాత్రి బన్ను.

అతనికి యాభై ఆరు. పదిహేనో ఏట బడి మానేసి మిల్లులో చేరాడు. చదువుకున్నవాళ్ళు కంపెనీలు మూస్తారు, తెరుస్తారు, మళ్ళీ మూస్తారు. తనలాంటివాళ్ళు ఆ మూసిన హాళ్ళలో ఊడుస్తారు అన్నది అతని అభిప్రాయం. ఆరేళ్ళ కిందట భార్య మార్కెట్టా సామాను సర్దుకుని తాంపెరే పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. పోతూ అరవలేదు, ఏడవలేదు. "భూమికి అవతలి పక్కవాడితో రోజూ మాట్లాడతావు. బల్లకు ఇవతలి పక్కదానితో మాట్లాడవు" అంది, అంతే.

ఆమె వెళ్ళిపోయిన ఏడాదే అపార్ట్‌మెంటు వాళ్ళు మీటింగు పెట్టి, పైకప్పు మీద ఏరియల్ తీయమన్నారు, అసహ్యంగా ఉందని. తీశాడు. బాల్కనీ చుట్టూ సన్నని తీగ ఒకటి బట్టలారేసే తాడులా చుట్టుకున్నాడు. దాంతో వినిపించడం అంతంతమాత్రం. పంపడానికైతే అది ఊరు దాటడం కూడా కష్టం. ఆరేళ్ళుగా అతను వింటున్నాడు, మాట్లాడటం లేదు. అందుకే ఆ గది. రెండో నంబరు కాగితం యంత్రాన్ని ఆపేశాక ఖాళీపడ్డ హాలు, దాని మీద ఒకప్పుడు ఎలక్ట్రీషియన్లు కూర్చున్న గది. అక్కడి పైకప్పు ఊరికంతటికీ ఎత్తు. అక్కణ్ణుంచి కొడితే జపానుకు వెళ్తుంది. ఆ గది పోతే తనకు మళ్ళీ బాల్కనీయే, చచ్చేదాకా.

మార్చిలో క్యాంటీన్‌లో బల్లబల్లకీ తిరిగాడు.

"ఫోనుంది కదయ్యా జేబులో" అన్నాడు ఒకడు.

"ఫోను వేరు. దాంట్లో ఎవరితో మాట్లాడాలో ముందే తెలుసు. దీంట్లో తెలీదు. పిలుస్తావు, ఎవరు పలుకుతారో..."

"మా ఆవిడ కూడా అంతే. పిలుస్తా, ఎవరు పలుకుతారో తెలీదు."

బల్లంతా నవ్వింది. తైస్తో ట్రే పట్టుకుని ఇంకో బల్లకి పోయాడు. అక్కడ ఎస్కో ఉన్నాడు. గోదాములో కాగితపు చుట్టలను బండితో ఎత్తి పెడతాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. మిల్లులో తైస్తోతో వేళాకోళం ఆడేది అతనొక్కడే.

"అన్నా, నన్నెందుకు అడగవు?"

"నీకెందుకురా ఇది."

"మీట నొక్కడానికి ఎన్ని వేళ్ళు కావాలి?"

తైస్తో సూపు చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"మూడు చాలవా? బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు." ఎస్కో కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. చిటికెనవేలూ, దాని పక్కదీ మొదలంటా లేవు. "చూడు, కంపెనీ నన్ను సరిగ్గా నీ క్లబ్బు కోసమే కొలిచి కోసింది."

"లైసెన్సు కావాలి."

"ఓయిలక్కకి ఏ లైసెన్సుందట?"

"కావాలన్నాగా" అని తైస్తో లేచిపోయాడు. సూపు సగం అలాగే ఉంది. అడక్కుండా దొరికిన మూడో సంతకాన్ని కాలదన్ని పోతున్నాడని ఎస్కోకి తెలీదు, నవ్వుతూనే ఉన్నాడు. వెనకనుంచి ఎవరో అన్నారు: "లైసెన్సే కావాలంటే పెల్కోనెన్‌ని అడగొచ్చుగా. ఆయనకీ ఉంది." ఆ బల్ల దగ్గర ఒక్కసారిగా చెంచాల చప్పుడు మాత్రమే మిగిలింది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని పేపరు చదువుతున్న షిఫ్టు ఫోర్‌మన్ యార్మో పెల్కోనెన్ తల ఎత్తలేదు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోక పదకొండేళ్ళు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు మాట్లాడుకున్నారు. పంతొమ్మిదో ఏట సైన్యంలో, ఒకే గుడారంలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని చుక్కలూ గీతలతో మాట్లాడే మోర్స్ నేర్చుకున్నారు. కొట్టే తీరు మనిషి మనిషికీ వేరు, నడకలాగా. పెల్కోనెన్‌ది కుంటి నడక. అక్షరంలో చివరి గీతని సాగదీస్తాడు, తలుపు వెయ్యబోయి కాస్త తెరిచి వదిలేసినట్టు. సార్జెంటు ఎంత తిట్టినా పోలేదు. కొట్టడం అయిపోయాక ఒకడు ఒక చుక్క కొట్టాలి, రెండోవాడు తిరిగి ఒక చుక్క కొట్టాలి, అప్పుడే లేవాలి. అది వాళ్ళిద్దరి మధ్య ఆనవాయితీ. ఎవడో ఒకడు చుక్క కొట్టకుండా ఏడిపిస్తే రెండోవాడు భోజనానికి కూడా పోకుండా కూర్చునేవాడు.

తరవాత తైస్తో తిరిగి మిల్లుకొచ్చాడు, పెల్కోనెన్ కూడా ఇక్కడే చేరాడు. పెల్కోనెన్ సాయంత్రం బడికి పోయి పరీక్షలు రాసి ఫోర్‌మన్ అయ్యాడు. తైస్తో యంత్రం దగ్గరే ఉన్నాడు. అప్పటికీ స్నేహం చెడలేదు.

చెడింది రెండో నంబరు యంత్రం దగ్గర, ఒక జనవరి పొద్దున. కాగితం తెగింది. తెగిన కాగితం రోలర్లకి చుట్టుకుంటుంటే కుర్రవాడు ఎస్కో లాగబోయాడు. చెయ్యి చిక్కుకుంది. ఆపమని అరిచాడు. ఆపే మీట తైస్తో దగ్గర ఉంది. ఆపాడు, కానీ ఆలస్యంగా. ఆ సాయంత్రం షిఫ్టు పుస్తకంలో పెల్కోనెన్ ఒకే ఒక్క మాట రాశాడు: ‘అజాగ్రత్త.’ ఎవరిదో రాయలేదు. తైస్తోని యంత్రం మీద నుంచి తీసేసి యార్డులో దుంగలు దింపే పనిలో వేశారు.

తైస్తో ఊరందరికీ చెప్పిన కథ ఇది: ఆ చప్పుడులో అరుపు ఎవరికి వినిపిస్తుంది? రోలర్లకి అడ్డం రేకు బిగించని తప్పు ఫోర్‌మన్‌ది. తన కుర్చీ కాపాడుకోడానికి స్నేహితుడి నెత్తిన రుద్దాడు. చదువుకున్నాడుగా. ఈ కథని పదకొండేళ్ళలో ఎన్నిసార్లు చెప్పాడంటే చివరికి అతనికే అది నిజమైపోయింది. పెల్కోనెన్ ఎదురు చెప్పలేదు. ఎవరితోనూ.

ఏప్రిల్ అంతా తైస్తో షిఫ్టు దిగాక గదికి పోయి పిలిచాడు. క్లబ్బుకని అధికారులు ఆర్నెల్లకి తాత్కాలికంగా ఇచ్చిన పిలుపు పేరు ఉంది, గాలిలో గుర్తుపట్టడానికి నాలుగైదు అక్షరాలు; దాన్ని కొట్టి, ‘ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా’ అని అడగటం. లిస్బన్‌లో ఒకాయన పలికాడు, ఇంట్లో నిమ్మచెట్టు పూసిందన్నాడు. ఐస్‌లాండ్ ఓడలోంచి ఒకడు పలికి మధ్యలో పోయాడు. ఒక్కొక్కటీ తారీకు, వేళ, ఎవరు కొట్టారో, ఎవరు పలికారో లాగ్ పుస్తకంలో రాసుకున్నాడు. ‘ఎవరు కొట్టారు’ అన్న గడిలో పేజీ మొదటినుంచి చివరిదాకా తైస్తో, తైస్తో, తైస్తో. చూడ్డానికే సిగ్గేసేలా ఉంది.

ఆ నెల చివరి ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బంగాళాదుంపలు ఒలుస్తూ, బాల్కనీ తీగ తగిలించిన పాత రేడియోలో వింటున్నాడు. గురగురలో నుంచి ఒక్కసారిగా, పక్కగదిలో కొట్టినంత గట్టిగా, క్లబ్బు పిలుపు పేరు వినిపించింది.

ముందు రేడియో పాడైందనుకున్నాడు. ఆ పేరుతో కొట్టేవాడు ప్రపంచంలో తనొక్కడే, తను ఇక్కడ కత్తి పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ వచ్చింది. మూడో అక్షరం చివరి గీత సాగింది. తలుపు కాస్త తెరిచి వదిలేసినట్టు.

కత్తి కింద పెట్టాడు.

క్లబ్బు నియమాలు తనే రాశాడు. ‘లైసెన్సున్న ఉద్యోగి ఎవరైనా గేటు దగ్గర పుస్తకంలో రాసి తాళంచెవి తీసుకోవచ్చు.’ చూడ్డానికి ఉదారంగా ఉంటుందని రాశాడు. ఆ ‘ఎవరైనా’ తను కాక మిల్లు మొత్తంలో ఒక్కడే అని రాసేటప్పుడు తెలీదా? తెలుసు. అయినా ఆ పేరు మనసులోకి రానివ్వలేదు.

పెల్కోనెన్ గంటసేపు పిలిచాడు. ఆ రోజు ఆకాశం బాగాలేదు, ఎవరికీ ఏదీ అందని రోజు. ‘ఎవరైనా ఉన్నారా.’ ఆగడం. వినడం. మళ్ళీ. నాలుగు కిలోమీటర్ల దూరంలో తైస్తో ప్రతి అక్షరమూ విన్నాడు. పలకలేదు. ‘పిలు, పిలు, ఇంకా పిలు’ అనుకున్నాడు ముందు, కసిగా. అరగంట గడిచాక ఆ కసి నిలబడలేదు. ఆగిన ప్రతిసారీ అవతల కూర్చున్నవాడు చెవి ఎలా రిక్కిస్తాడో, మెడ ఎలా వంచుతాడో అతనికి తెలుసు. అది తన బతుకే కదా. గంటయ్యాక పిలుపు ఆగింది. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయాయి.

సోమవారం గేటు దగ్గర ఓయిలి కిటికీ ముందు నిలబడ్డాడు.

"నిన్న తాళంచెవి ఎవరు తీసుకున్నారక్కా?"

"పుస్తకం ఇదిగో, చూసుకో. చదవడం వచ్చుగా?"

పుస్తకం వైపు చూడకుండా తాళంచెవి మాత్రం తీసుకున్నాడు.

"చూడవా?"

"అక్కర్లేదు."

"మగాళ్ళు" అంది ఓయిలి కిటికీ మూసేస్తూ. "మీ ఇద్దరికీ కలిపి ఒక్క నోరు పెట్టాల్సింది దేవుడు, పొదుపయ్యేది."

గది ఊడ్చి ఉంది. కప్పు కడిగి బోర్లించి ఉంది. లాగ్ పుస్తకంలో కొత్త వరస: తారీకు, వేళ, ‘పిలిచాను, జవాబు లేదు.’ కొట్టినవాడి పేరుండాల్సిన గడి ఖాళీ.

తరవాతి ఆదివారమూ అంతే. ఆ తరవాతదీ. తైస్తో ఇంట్లో వినడం, పెల్కోనెన్ అక్కడ పిలవడం. ఒకసారి ఎస్తోనియా నుంచి ఎవరో పలికితే తైస్తోకి సంతోషమేసింది, ఎందుకో తెలీలేదు. సోమవారాలు లాగ్‌లో అదే ఖాళీ గడి. సంతకాల కాగితం బల్ల మీదే ఉంది, తైస్తోది ఒకటి, ఓయిలిది ఒకటి. మూడో గీత మీద దుమ్ము.

మే నెల మూడో సోమవారం గదికి వెళ్ళేసరికి రేడియో పైన గోడకున్న మేకుకి ఏదో వేలాడుతోంది. ఒంటిచెవి ఇయర్‌ఫోను. పాతది, తీగ తెగిన చోట నీలం టేపు చుట్టి ఉంది.

ఆ టేపు తైస్తో చుట్టినదే.

కుర్చీ అందుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళ కింద ఆ జనవరి పొద్దున ఈ ఇయర్‌ఫోను అతని ఎడమచెవిలో ఉంది, చప్పుడు రాకుండా చెవులు కప్పే మఫ్ కింద, ఎవరికీ కనబడకుండా. జేబులో చిన్న రేడియో. పసిఫిక్‌లో ఒక దీవి నుంచి నలుగురు కొడుతున్నారు, పదిహేనేళ్ళకోసారి గానీ వినిపించని దీవి, ఆ పొద్దున మాత్రమే అందుతుంది. ఆ పేరు పట్టుకోడానికి అతను కళ్ళు మూసుకున్నాడు. ఎస్కో అరిచింది విననేలేదు. కాగితం తెగితే వెలిగే ఎర్రదీపం కళ్ళు తెరిచాక చూశాడు.

ఆ గొడవలో అది చెవిలోంచి జారిపోయింది. మర్నాడు వెతికాడు. చెత్త కాగితంతో పాటు ముద్ద చేసే తొట్టిలోకి పోయి కలిసిపోయి ఉంటుందనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. పోలేదు. ఫోర్‌మన్‌కి దొరికింది. దాన్ని ఆ సాయంత్రం పుస్తకం పక్కన పెట్టి ఉంటే ఉద్యోగం పోయేది, కేసు అయ్యేది. పెట్టలేదు. ఒక్క మాట రాసి, జేబులో వేసుకుని, స్నేహితుడు ఊరంతా తిరిగి తనని తిడుతుంటే పదకొండేళ్ళు నోరు మూసుకుని పేపరు చదువుకున్నాడు.

తైస్తో ఆ రోజు ఎవరినీ పిలవలేదు. ఇయర్‌ఫోను మేకుకి అలాగే ఉంచి తాళం వేశాడు.

వారం రోజులు క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల వైపు నడవాలని చూశాడు. ట్రే పట్టుకుని సగందూరం వెళ్ళి, ఉప్పు కోసం వచ్చినట్టు ఉప్పు తీసుకుని వెనక్కి తిరిగాడు. ఆ వారంలో అతను తిన్న ఉప్పు ఇంతా అంతా కాదు. హన్నెలే మేడమ్ మెట్ల దగ్గర ఎదురై, "శుక్రవారం గుర్తుంది కదా తైస్తో గారూ? సైకిళ్ళు వచ్చేశాయి, కింద డబ్బాల్లో ఉన్నాయి" అని నవ్వుతూ చెప్పి పోయింది. మంచిదే ఆవిడ. అలాంటివాళ్ళు నవ్వుతూనే తీసేస్తారు.

ఆదివారం వచ్చింది. రెండింటికి రేడియోలో క్లబ్బు పేరు మోగింది. ‘ఎవరైనా ఉన్నారా.’

తైస్తో అలమరలోంచి పాత మీట తీసి బల్ల మీద పెట్టాడు. బాల్కనీ తీగతో సముద్రం దాటదు. మిల్లుదాకా చేరితే చాలు.

తన సొంత పిలుపు పేరు కొట్టాడు.

అవతలినుంచి, పరాయి ఊరివాడికి కొట్టినట్టే, పద్ధతి ప్రకారం వచ్చింది:

‘పలికినందుకు సంతోషం. బాగా వినిపిస్తున్నావు. నా పేరు యార్మో. ఇక్కడ ఎండ, పన్నెండు డిగ్రీలు.’

ఇదీ పద్ధతే. ఎవరితోనైనా ముందు పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, వాతావరణం చెప్పాలి. తైస్తో కూడా పద్ధతి తప్పలేదు.

‘నువ్వూ బాగా వినిపిస్తున్నావు. నా పేరు తైస్తో. ఇక్కడా ఎండే, పన్నెండే.’

గురగుర. కిందనుంచి ఎవరిదో సైకిలు గంట. ఎదురుగా మనిషి ఉంటే తైస్తోకి తరవాతి మాట వచ్చేది కాదు. చుక్కకి చుక్క, గీతకి గీత, ఒక్కో అక్షరమూ చేత్తో చేసి పంపాలి గనక వచ్చింది.

‘అది నా చెవిలోనే ఉంది ఆ రోజు.’

‘తెలుసు.’

‘సంతకం పెడతావా?’

జవాబు మామూలుకంటే నెమ్మదిగా వినిపించింది, ప్రతి చివరి గీతా సాగి.

‘ఎస్కోకి చెప్పు. ముందు అతనికి చెప్పు. నేనూ చెప్పలేదు ఇన్నేళ్ళూ. నువ్వు చెబితే నేను పెడతా.’

తైస్తో మీట మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. ‘సరే’ అని కొట్టలేదు, ‘కాదు’ అనీ కొట్టలేదు. కాసేపటికి అవతలనుంచి ఒక చుక్క వచ్చింది. ఒకే ఒక్కటి. తిరిగి చుక్క కొడితే ఇవాళ్టికి అయిపోయినట్టు. తైస్తో కొట్టలేదు. రేడియో కట్టేశాడు. అవతలివాడు ఎంతసేపు కూర్చున్నాడో అతనికి తెలీదు.

గురువారం క్యాంటీన్‌లో బఠానీ సూపు, పాన్‌కేకు. ప్రతి గురువారమూ అంతే. ఎస్కో మూలబల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. తైస్తో ట్రే పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంటన్నా, దారి తప్పావు? క్లబ్బులో సీటు ఖాళీ అయిందా?"

"నీకో మాట చెప్పాలి."

"చెప్పు. ముందు ఆవాల ముద్ద ఇటివ్వు."

తైస్తో ఇచ్చాడు. చెప్పాడు. దీవి, ఇయర్‌ఫోను, మూసుకున్న కళ్ళు. చాలా తక్కువ మాటల్లో అయిపోయింది. పదకొండేళ్ళు మోసిన బరువు ఒక చెంచా సూపు చల్లారేలోపు అయిపోవడం అతనికే విచిత్రంగా ఉంది. యార్మో మాట కూడా చెప్పాడు, అతనికి తెలిసినా నోరు మూసుకున్నది తన కోసమేనని.

ఎస్కో సూపులో ఆవాల ముద్ద కలుపుతూనే ఉన్నాడు. మూడు వేళ్ళతో చెంచా పట్టుకోవడం అతనికి బాగా అలవాటు.

"నేను గట్టిగా అరవలేదనుకున్నా" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"గట్టిగా అరిచుంటే నువ్వు వినేవాడివి కదా అనుకునేవాణ్ణి. నాన్న కూడా అదే అనేవాడు, నీకు నోరు లేదురా, నోరుండుంటే వేళ్ళుండేవి అని. పోయేదాకా అన్నాడు." చెంచా కింద పెట్టాడు. "అందుకేగా అప్పట్నుంచీ ఇంత వాగుతున్నా."

తైస్తో ఏదో అనబోయాడు.

"వద్దన్నా. ఇప్పుడేం మాట్లాడకు. మాట్లాడకుండా ఉండటం నీకు బానే వచ్చుగా."

ట్రే తీసుకుని లేచాడు. పాన్‌కేకు ముట్టనేలేదు, మీద ఎర్రటి జామ్ అలాగే ఉంది. పక్క బల్లవాడు, "ఏరా ఎస్కో, ఇవాళ జోకుల్లేవా?" అన్నాడు. ఎస్కో ట్రే పెట్టేసి గోదాము వైపు పోయాడు. కిటికీ పక్క బల్ల దగ్గర పెల్కోనెన్ పేపరు మడిచి, పోతున్న ఎస్కోని, తరవాత తైస్తోని చూశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి ఇద్దరి కళ్ళూ కలిశాయి. పెల్కోనెన్ తల ఊపలేదు, నవ్వలేదు. లేచి ఎస్కో వెనకే వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున తైస్తో గది తలుపు తీసేసరికి కాగితం మీద దుమ్ము లేదు. మూడో గీత మీద సంతకం ఉంది, చివరి అక్షరం తోక కాస్త సాగి. దాన్ని హన్నెలే మేడమ్‌కి ఇస్తే ఆవిడ చేతులు చరిచి, "అబ్బ, అభినందనలు! కంపెనీ పత్రికలో ఫోటో వేద్దాం, ముగ్గురూ రేడియో ముందు నిలబడి" అంది.

"ముగ్గురం ఒకేసారి కుదరదు మేడమ్. షిఫ్టులు" అన్నాడు తైస్తో.

ఆ ఫోటో ఇప్పటికీ తీయలేదు. సైకిళ్ళని భోజనాల హాలు వెనక పెట్టారు. క్లబ్బు నడుస్తోంది. లాగ్ పుస్తకంలో ‘ఎవరు కొట్టారు’ అన్న గడిలో ఇప్పుడు రెండు పేర్లుంటాయి, సోమవారం నుంచి శనివారందాకా ఒకటి, ఆదివారం ఒకటి. శనివారం తైస్తో పళ్ళెంలో ఒక బన్ను పెట్టి గుడ్డ కప్పి వస్తాడు. సోమవారానికి పళ్ళెం కడిగి ఉంటుంది. క్యాంటీన్‌లో ఎవరి బల్ల వాళ్ళది. ఎస్కో ఇప్పుడు పొద్దుటి షిఫ్టుకి మార్పించుకున్నాడు. దారిలో ఎదురైతే ‘నమస్తే’ అంటాడు, అందరికీ అన్నట్టే. తైస్తోతో వేళాకోళం ఆడేవాళ్ళు మిల్లులో ఎవరూ లేరు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఊరికంతటికీ ఎత్తైన ఏరియల్ వదిలేసి తైస్తో బాల్కనీ తీగ దగ్గర కూర్చుంటాడు. మేకు మీద నుంచి తెచ్చుకున్న ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంటాడు. అవతల పెల్కోనెన్ ముందు దూరాన్ని పిలుస్తాడు. ఎవరో పలుకుతారు, లేదా పలకరు. అన్నీ అయ్యాక ఇద్దరూ పేర్లు చెప్పుకుంటారు, ఎండో వానో చెప్పుకుంటారు. అంతకుమించి ఏమీ ఉండదు. ఆఖర్న అవతలినుంచి ఒక చుక్క వస్తుంది.

తైస్తో వెంటనే కొట్టడు. కొడితే మళ్ళీ ఆదివారందాకా ఇల్లంతా నిశ్శబ్దమే. అవతలివాడు ఇంకా కూర్చునే ఉంటాడని తెలుసు. మీట మీద వేలు పెట్టి, ఆ గురగురని ఇంకాసేపు వింటాడు.